ఎండని తొట్టి

మోకాళ్ళు అరిగి నౌపడలో ఉప్పుమడి పని మానేసిన మావగారు, కోడలు సొంతంగా అతికించుకున్న గాజుతొట్టి ముందు ఆగారు.

“పెళ్ళిపందిరి లైట్లు దీనికేటికి?”

“ఇందులో పెంచే పగడాలు బతకాలంటే నీలం ఎలుగుండాలి మావయ్యా. కొత్తయి కొనలేక పాతయి బిగించినాను.”

“మరా కేన్లు?”

“సముద్రం నీళ్ళు. తొట్టిలో తగ్గినప్పుడల్లా పోస్తాను.”

“ఓలమ్మ! ఎండకి నీళ్ళు పోతాయి గానీ ఉప్పు పోతాదేటి? మళ్ళీ ఉప్పునీళ్ళే పోస్తే తొట్టి కాస్తా ఉప్పుమడైపోతాది. తగ్గినంతా మంచినీళ్ళే పొయ్యాలి.”

“పని మానేసినాక ఉప్పు మాటెత్తొద్దని మీరే అన్నారు గదా, అందుకే మిమ్మల్ని అడగలేదు.”

“అడగాలి మరి. నీళ్ళు ఎక్కడిదాకా ఉండాలో గీత గియ్యి. రోజూ నేనే పోస్తాను.”

“మీ మోకాళ్ళు?”

“సెంబుడు నీళ్ళకి మోకాళ్ళేటమ్మా! ముప్పయ్యేళ్ళు నీళ్ళు ఎండగట్టినాను. ఇప్పుడు ఎండకుండా కాస్తాను.”