బోల్టు గారు ఒప్పుకున్న పొరపాటు

పందొమ్మిది వందల తొంభై మూడు, జూలై ఐదో తేదీ, సోమవారం ఉదయం మా న్యాయ కార్యాలయంలో వాహన పరీక్షకులుగా చేరిన బోల్టు గారు, ముప్పై ఒక్క సంవత్సరాల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. లోపభూయిష్టమైన వాహనాల వల్ల గాయపడినవారి తరఫున నష్టపరిహార దావాలు నడపడం మా వృత్తి. ఆ లోపం ఎక్కడ దాగుందో పట్టుకోవడం ఆయన వృత్తి. చేరిన రోజునే విరిగిన చక్రపు బోల్టు ఒకటి తెచ్చి పెద్ద వకీలు గారి బల్ల మీద పెట్టి, "ముందు దీని మాట వినండి సార్, తరువాత నా మాట వినొచ్చు" అన్నారట. ఆనాటి నుంచి ఆయన అసలు పేరు హాజరు పట్టీకే పరిమితమైపోయింది.

అంతకుముందు పదకొండేళ్ళు మరమ్మతు షెడ్డులో పనిచేసి వచ్చినవారు. ఏడుస్తూ వచ్చినవారిని మేము "ఎలా జరిగిందండీ?" అని అడిగితే, ఆయన "బండి ఎక్కడుంది? ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగేవారు. నేను జూనియరుగా చేరిన కొత్తలో, ఈయనది రాతి గుండె అనుకున్నాను. ఇంట్లోనూ ఇదే వరస అని వారి శ్రీమతి గారి ఫిర్యాదు. "వియ్యంకులు గుమ్మంలోకొచ్చినా ముందు వాళ్ళ కారు టైర్లకేసి చూస్తారు, తరువాతే మొహాలకేసి" అంటారావిడ.

రెండు వేల ఒకటిలో ఒక వ్యాను డ్రైవరు గారు మా దగ్గరకు వచ్చారు. కొని ఏడు నెలలైనా నిండని వ్యాను, దిగుడు రోడ్డులో బ్రేకు పట్టక, గోడను ఢీకొట్టింది. పక్క సీటులో ఉన్న భార్యకు రెండు కాళ్ళూ నుజ్జయ్యాయి. అజాగ్రత్తగా నడిపారని తయారీ సంస్థ వాదన. "మా అక్కని కుర్చీలో కూలేసింది నువ్వే" అని బావమరిది మాట. "పరిహారం సంగతి తరువాత సార్. నా వల్ల కాలేదని కోర్టు చేత ఒక్క మాట అనిపించండి" అన్నారు ఆ డ్రైవరు గారు.

ఇరుపక్షాలూ చూసి, ఫొటోలు తీసేవరకు ఏ భాగాన్నీ తుడవరాదని మా గోడ మీద నియమం రాసి అంటించినది బోల్టు గారే. ఆ వ్యాను కుడి చక్రం దగ్గర చీలిన బ్రేకు గొట్టం కంటపడగానే, షెడ్డు నాటి అలవాటు కొద్దీ, భుజం మీది గుడ్డతో దాన్ని శుభ్రంగా తుడిచేసినదీ ఆయనే! చీలిక అంచున పేరుకున్న పాత మురికి, అంటే ఆ చీలిక ప్రమాదానికి ముందే ఉందనే సాక్ష్యం, గుడ్డకు అంటుకుపోయింది. అక్కడున్నది మేమిద్దరమే. "ఎవరూ చూడలేదు కదండీ, వదిలేయండి" అన్నది నేను. నేనలా అన్న సంగతి ఆయన ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు కనుక నేనే రాస్తున్నాను, సిగ్గుపడుతూనే.

"తీర్పులో ఒక్క అబద్ధం కలిసినా, పాపం ఆ డ్రైవరు దాన్ని నమ్ముకోలేడమ్మా" అన్నారు బోల్టు గారు.

మర్నాడు న్యాయస్థానంలో తన పొరపాటు తానే చెప్పేశారు. మా పెద్ద వకీలు గారి మొహంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. బోల్టు గారు అంతటితో ఆగక, తాను ముట్టని ఎడమ చక్రపు గొట్టాన్ని అవతలి సంస్థ ఇంజనీరు చేతనే కోయించమని కోరదలిచారు. అలా కోరే ముందు డ్రైవరు గారిని పక్కకు పిలిచారు.

"అది బాగుందంటే మనం మునిగినట్టే. కొయ్యమందామా?"

"కొయ్యమనండి. బాగుంటే తప్పు నాదేననుకుంటాను."

న్యాయమూర్తి సరేనన్నారు. ఇంజనీరు కోశారు. లోపలి రబ్బరు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఆయన చాలాసేపు చూసి, ఇది వాడకం వల్ల వచ్చిన లోపం కాదని తన చేత్తోనే రాసి ఇచ్చారు.

తీర్పు వచ్చిన రోజున, న్యాయస్థానం వరండాలో, చక్రాల కుర్చీలో ఉన్న ఆ భార్య ఎదుట నిలబడి బోల్టు గారు ఆ వాక్యం చదివారు: "ప్రమాదమునకు కారణము తయారీ లోపమే గాని, చోదకుని అజాగ్రత్త కాదు."

"మా ఆవిడకి ఇంకోసారి చదవండి సార్" అన్నారు డ్రైవరు గారు.

"నాకెందుకండీ, నాకు మొదట్నుంచీ తెలుసు. ఆయనకే చదవండి" అందావిడ.

బోల్టు గారు ఆయన వైపు తిరిగి, మెల్లగా, మళ్ళీ చదివారు. మూడోసారి కూడా చదవమని డ్రైవరు గారు అడిగితే, బోల్టు గారు సగం చదివి కాగితం నా వైపు చాచారు. ఆ కాగితం నేను అందుకుని పూర్తిచేశాను. నా వృత్తి జీవితంలో అంత విలువైన వాక్యం నేను మరొకటి చదవలేదు.

బోల్టు గారూ, ఆనాడు మీరు నా మాట వినకపోబట్టే ఆ మనిషి తలెత్తుకుని ఇంటికి వెళ్ళగలిగాడు. ఈ ఒక్కసారికి మాత్రం కాదనకండి: బండ్ల కింద దూరి అరిగిన ఆ మోకాళ్ళకు ఇక విశ్రాంతినిచ్చి, శ్రీమతి గారితో, పిల్లలతో, పూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్ళూ చల్లగా ఉండండి.