లింగస్వామి ఎర్రపురుగుల దండు

హుజూర్‌నగర్ అంగడికి పోయే బాట పక్కన కల్లు మండువల కల్లు గీసే లింగస్వామి నోరు తెరిచిండంటే బిక్షమ్మకు ఒళ్లు మండేది. ఆమె ఈతపండ్లు అమ్ముకుని బతికే మనిషి. ఈ ఎండకాలం ఆమె గంపల ఒక్క మంచి గెల పడలే.

ఆ రోజు అతనికి కొత్త చెవులు దొరికినయి. ఆలంపూర్ దిక్కు నుంచి గొర్ల మంద తోలుకొచ్చిన ఐలేశం, "మా ఊరి ఈతవనానికి నల్లి పట్టిందన్నా. పురుగైతే కంటికానదు గని, కాయంతా బూజు అల్లుతాంది. ఏం చెయ్యాలె?" అని అడిగిండు.

"నల్లినా? గదెంత పని!" లింగస్వామి తుండు దులిపి భుజాన వేసుకున్నడు. "మా వనానికి పడితే ఒక్క చెట్టెక్కి పొడిమందు జల్లిన. ఒక్కటంటే ఒక్కటే! సచ్చిన నల్లి రాలి కింద మోకాలెత్తు గుట్ట పడ్డది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నల్లిని తినే ఎర్రపురుగులు మట్టల మీద ఉరుకుతుంటయి సూడు, గవి నా మందు వాసన పీల్చి బలిసినయి. పొద్దుగాల ఆవగింజంత, పగటీలికి పిల్లికూనంత..."

"అవ్వో!" అన్నడు ఐలేశం.

"జర ఆగు! మాపటికి దున్నపోతులంతయినయి. ముకుతాడేసి నాగలి కట్టిన. నల్లి అల్లిన బూజుతోని మోకు పేని, కృష్ణ మీద ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ కట్టి, పురుగు మీదెక్కి అవతలికి పోయొచ్చిన. చౌటుప్పల్ కాడ లారీ దిగబడితే గుంజింది ఎవరనుకున్నవ్? నా ఎర్రపురుగే!"

మండువంతా నవ్వింది. మూలకు ఖాళీ గంప పెట్టుకుని కూసున్న బిక్షమ్మ నవ్వలే.

పోయినేడు నల్లి కొద్దిగనే ఉండె. ఎర్రపురుగులు దాన్ని తింటుంటె ఆమె కండ్లార చూసింది. వద్దు వద్దని మొత్తుకున్నా వినకుండ లింగస్వామి వనమంత పొడి జల్లిండు. ఎర్రపురుగులు మాడిపోయినయి. మట్టల సందుల దాగిన నల్లి అడ్డు లేక వనమంతా కమ్ముకున్నది.

"నాకూ జర పొడి ఇయ్యన్నా," అని ఐలేశం గొంగడి కొంగు పట్టిండు. లింగస్వామి చూరుల నుంచి డబ్బా తీసిండు.

బిక్షమ్మ దిగ్గున లేచింది. పక్కనున్న పొట్టి ఈతచెట్టు గెలను గంపలున్న కొడవలితో కోసి అతని ముందట కొట్టింది. బూజూ దుమ్మూ లేసి అతని ముంతల పడ్డయి.

"ఏవిరా నీ దున్నపోతులు? పిలువు! గీ ఒక్క గెల నాకిపొమ్మను!"

"అవి... మేతకు పోయినయి వదినె."

"మేతకు పోలే, నువ్వే సంపినవ్! నల్లిని తినేటోటిని సంపి నల్లిని సాదినవ్. నా ఇంటి కూడు తీసింది సాలక ఈయన వనం మీద పడ్డవా?"

ఈసారి ఎవరూ నవ్వలే. లింగస్వామి డబ్బా వెనక దాచుకున్నడు. ఐలేశం కొంగు విడిచిండు.

"అక్కా, మా చెట్ల మీద ఎర్రయి ఇంకా ఉరుకుతున్నయి."

"అయితే నీ చెట్లు బతుకుతయి తమ్మీ. పొడి ముట్టకు." కోపంతో ఊగుతున్న ఆమె గొంతు ఒక్కసారి దిగింది. "మళ్లొచ్చేటప్పుడు అవి తిరిగే మట్టలు నాలుగు కోసుకొస్తవా? మా వనంల ఇడుస్త."

"తెస్తనక్కా. ఎంతంత పురుగులు కావాలె?"

బిక్షమ్మ లింగస్వామి దిక్కు చూసింది.

"ఉన్నంతయే తే. దున్నపోతులంత పెంచేటోడు ఈడ ఒకడున్నడు."