తల తినే మేనేజరు

స్విండన్ ఊరి చివర ఒక పార్సిళ్ళ గోడౌను. దాన్ని ఆనుకుని ఉన్న చిన్న మీటింగ్ గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరు కేంబ్రిడ్జ్ హెడ్ ఆఫీసు నుంచి వచ్చిన కమ్యూనికేషన్స్ ఆఫీసర్ విద్యాసాగర్, మరొకరు ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే నాగేశ్వరి. ఇద్దరిదీ తెలుగే కదా, టీ చల్లారేలోపు తేలిపోతుందనుకుని వచ్చాడతను. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"మళ్ళీ మొదట్నుంచి అడుగుతానండీ. మీ మేనేజరు రఘు మీ తల తిన్నాడా, లేదా?"

"తిన్నాడు సార్."

"అంటే, ఎలా తిన్నాడు?"

"తల తినేదాంట్లో ఎన్ని రకాలుంటాయి సార్? మామూలుగానే తిన్నాడు."

"నాగేశ్వరిగారూ, మీది అనంతపురం, నాది తణుకు. తల తినడమంటే ఏంటో మనిద్దరికీ తెలుసు. హెడ్ ఆఫీసుకి తెలీదు. అక్కడికొచ్చిన రిపోర్టులో ఏముందంటే, 'మేనేజరు సిబ్బంది తలను తినుచున్నాడు, ఇది ప్రతిదినము జరుగుచున్నది' అని. పక్కన ఎర్ర గుర్తు. పొద్దున రిపోర్టు వచ్చింది, మధ్యాహ్నానికల్లా అతన్ని సస్పెండ్ చేసి ఇంటికి పంపేశారు."

"నేను చెప్పుకునింది చెవికి సార్. కేంబ్రిడ్జికి కాదు."

"ఆ చెవే కేంబ్రిడ్జండీ."

"అంటే?"

"మీ చేతిలో స్కానర్ ఉంటుందిగా, దాని మీద చెవి బొమ్మ. అది నొక్కి ఎవరి భాషలో వాళ్ళు మనసులో మాట చెప్పుకుంటారు. మిషన్ వింటుంది, ఇంగ్లీషులోకి మారుస్తుంది, ముక్తసరిగా మాకు పంపుతుంది. కంపెనీ ఇప్పుడు చెప్పడం తగ్గించి వినడం మొదలుపెట్టిందండీ. పోస్టర్లు చూశారుగా."

"చూసినా. బాత్రూమ్ తలుపు లోపల అంటించినారు. కూర్చుంటే ఎదురుగా ఇంత చెవి."

"అక్కడ అంటించమన్నది నేను కాదు."

"పైగా ఆ స్కానర్లో కంపెనీ పెద్ద దొర తెలుగు మాట్లాడతాడు. 'నేను మీ మాట ఆలకించుచున్నాను, మీ కథను వినిపించుడు' అంటాడు. మొదటిసారి ఇన్నప్పుడు ఉలిక్కిపడి పార్సిల్ కింద పడేసినా. గాజు సామాను."

"అది నిజంగా ఆయన గొంతేనండీ. మిషన్‌తో తెలుగు పలికించాం. పదిహేను భాషల్లో మాట్లాడతాడిప్పుడు."

"దొరకి మాట్లాడేది నేర్పినారు సరే. ఇనేది నేర్పకూడదా?"

"మిషన్ నేర్చుకుంటోందండీ, నెమ్మదిగా. మొన్నెవరో 'పని తగ్గిస్తామని మా చెవిలో పువ్వులు పెడుతున్నారు' అన్నారు."

"నేనే."

"మీరేనా? దానివల్లే క్యాంటీన్లో పూలకుండీలు పెట్టించాం. సిబ్బంది కోరిక మన్నించామని మెయిల్ కూడా పంపాం."

"అవి దానికా సార్? మేమంతా ఎవరో పోయినారనుకున్నాం. నా పక్కన ప్యాకింగ్ చేసే రాచెల్ పోయి ప్రార్థన కూడా చేసొచ్చింది."

"సెలవు గురించి అడిగితే ఆఫీసులో నీళ్ళు నమిలారని ఇంకొకరు..."

"అది కూడా నేనే."

"కుళాయి నీళ్ళు పరీక్షకి పంపారండీ. బాగానే ఉన్నాయట."

"సెలవు సంగతి?"

"అది... నేను కనుక్కుంటాను."

"ఇప్పుడు నమిలింది మీరు సార్."

"సరే, సరే. రఘు దగ్గరికొద్దాం. అతను వచ్చి మీ లంచ్ బాక్సు మూత తీసి చూశాడని ఇంకో రిపోర్టు ఉంది. నిజమేనా?"

"నిజమే."

"మీ బాక్సు? అతను?"

"తిన్నానో లేదో అని చూసినాడు సార్."

"అందరివీ చూస్తాడా?"

"అందరివీ ఏమిటికి చూస్తాడు?"

"మీ ఒక్కరిదే. రాసుకుంటున్నానండీ. ఇది చిన్న విషయం కాదు."

"రాసుకోకండి సార్. అది రాసుకునేంత మాట కాదు. ఆయన్ని పనిలోకి ఎప్పుడు పిలుస్తారు, అది చెప్పండి."

"పనిలోకి పిలుస్తారు."

"ఎప్పుడు?"

"ఎప్పుడు."

"నేనన్న మాటే మళ్ళీ అంటాండారు ఏమిటికి?"

"ట్రైనింగులో చెప్పారండీ. ఎదుటివాళ్ళ ఆఖరి మాట మనం మళ్ళీ అంటే, మనం వింటున్నామని వాళ్ళకి తెలుస్తుందట."

"మా ఊర్లో దాన్ని ఎక్కిరింపు అంటారు సార్."

"మా ఇంట్లోనూ అదే అన్నారు. సరే, మనసు విప్పి మాట్లాడుకుందాం. శుక్రవారం కేంబ్రిడ్జ్‌లో సదస్సు. మా డైరెక్టర్ స్టేజీ ఎక్కి ఈ చెవి గురించి చెప్పాలి. ఈ రోజుల్లో గ్రాఫులు చూపిస్తే ఎవరూ వినరండీ, ఫోన్లు చూసుకుంటారు. కథ కావాలి. ఒక కష్టం, ఒక మలుపు, ఒక గెలుపు. ఆవిడ ఇప్పటికే తయారు చేసుకున్నారు. 'గొంతులేని ఒక స్త్రీ చెవిలో చెప్పుకుంది. కంపెనీ విన్నది. దుర్మార్గుడు ఇంటికి పోయాడు.' ఆ తర్వాత మీరు స్టేజీ మీదికొచ్చి నాలుగు మాటలు చెప్పాలి."

"గొంతులేని స్త్రీ ఎవరు సార్?"

"మీరేనండీ."

"నాకా? ప్యాకింగ్‌లో నేను పిలిస్తే బయట సరుకెక్కించే డాక్‌లో లారీలు ఆగుతాయి."

"కథలో అలా అంటారులెండి."

"దుర్మార్గుడు?"

"రఘు."

"ఆయన్ని అట్ల అనొద్దు సార్."

"అదిగో. మీరు భయపడుతున్నారు. నేనొచ్చినప్పట్నుంచి చూస్తున్నాను, ఒక్కసారి కూడా అతని పేరెత్తలేదు మీరు. ఆయన, ఆయన అంటున్నారు. ఇక్కడెవరూ లేరు, ధైర్యంగా అనండి. రఘు."

"వద్దులే సార్."

"పేరు పలకడానికి కూడా అంత భయమా?"

"భయం కాదు. అలవాటు లేదు."

"మీకేమైనా చుట్టమా అతను?"

"చుట్టమైతే?"

"చుట్టాలు ఒకే సెక్షన్లో ఉండకూడదండీ, కంపెనీ రూలు. ఒకరు పగలుంటే ఇంకొకరు నైట్ షిఫ్టుకి పోవాల్సిందే."

"అయితే చుట్టం కాదు."

"ఇంట్లో కూర్చుని ఏం ఆలోచిస్తున్నాడో, అదొకటి మా లీగల్ వాళ్ళ భయం."

"ఏమీ ఆలోచించడం లేదు సార్. వంట చేస్తాండాడు. ఉప్పెయ్యడం మరిచిపోతాండాడు, పాపం."

"మీకెలా తెలుసు?"

"అనుకుంటాండారు. గోడౌన్లో."

"అతను మీ ఇంటి చుట్టుపక్కల గానీ కనిపించాడా? నిజం చెప్పండి. అవసరమైతే పోలీసులకి చెబుదాం."

"పోలీసులేంది సార్, మధ్యలో?"

"చూడండి, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కథ అయితే బయటికెళ్ళిపోయింది. సీఈఓ, అదే మీ పెద్ద దొర, ఆయన కూడా చదివారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట."

"తెలుగులోనా?"

"ఎగతాళికి ఇది సమయం కాదండీ. ఈ చెవి తెచ్చింది నేను. ఏడాది పాటు అందరి చుట్టూ తిరిగి ఒప్పించాను. మొదటి కేసే తప్పని తేలితే చెవితోపాటు నన్నూ పీకేస్తారు. మా ఆవిడకి కూడా చెప్పలేదింకా. మీరు అవునంటే చాలు. ఒక్క మాట."

"అవునంటే ఆయనకేమవుతుంది?"

"సోమవారం మీటింగు ఉంటుంది."

"మీటింగులో?"

"మాట్లాడతారు."

"ఏం మాట్లాడతారు? సూటిగా చెప్పండి సార్, మీకు దండం పెడతా."

"తీసేస్తారండీ. వీసా కూడా కంపెనీదే కదా అతనిది. రెండు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇండియా వెళ్ళిపోవాలి."

"రెండే నెలలా?"

"మీరు ఏడుస్తున్నారా?"

"లేదు. ఒకటి అడుగుతా. ఆరోజు నేను చెవికి చెప్పుకునింది, నా గొంతుతో, అది ఉందా?"

"ఉంటుంది. రికార్డింగులన్నీ దాచుతాం."

"మీరు ఇన్నారా?"

"నేనా? లేదండీ."

"మీ డైరెక్టరమ్మ?"

"ఆవిడకి తెలుగు ఎక్కడ వస్తుంది? వినే పని మిషన్‌ది. మేం చదువుతాం."

"మీకు తెలుగు వచ్చు గదా సార్. కేంబ్రిడ్జ్ నుంచి ఇంత దూరం వచ్చినారు. ట్రైన్లో వస్తా అయినా ఇనకూడదా?"

"ట్రైన్లో స్లైడ్లు చూసుకున్నాను."

"ఇప్పుడు పెట్టండి."

"ఇప్పుడెందుకండీ, సారాంశం ఉందిగా. ఇదిగో, ఆఖరి వాక్యం కూడా ఉంది. 'సదరు మేనేజరు మాకు చెందిన వ్యక్తి' అని మీరే అన్నారు. దీన్ని చూసే లీగల్ వాళ్ళు ఏదో ముఠా వ్యవహారమని..."

"పెట్టండి సార్. తర్వాత నన్ను నైట్‌కి ఏస్తారో, ఆయన్ని ఏస్తారో, మీ ఇష్టం. చీకట్లో ఒకరు వస్తా, ఇంకొకరు పోతా, వాకిట్లోనైనా చూసుకుంటాం."

"ఎవరు ఎవర్ని చూసుకుంటారు? నాకర్థం కావడం లేదు."

"అర్థమైతాది. శబ్దం పెంచండి."

"సరే. పెడుతున్నాను."

ల్యాప్‌టాప్‌లోంచి గోడౌను రొద, వెనకాల ఎవరిదో దగ్గు, ఆపైన నాగేశ్వరి గొంతు:

"ఏం చెప్పేది దొరా, మా మేనేజరు దినామూ ఇంతే, పొద్దున్నుంచి తల తింటాండాడు. నడుమునొప్పి అంటివే, వంగొద్దు. చలిగుండాది, కోటేసుకో. మాత్రేసుకుంటివా. ఇంతమంది ముందర. ఇంటికి పోయినాంక అడగకూడదా? ఆపమంటే ఆపడు. ఎవరికి చెప్పుకునేది... చెప్పుకున్నా ఏం లాభంలే, మా ఆయనే గదా."