టాకా వేసి చూసిన ఇరవై రెండేళ్లు

2003వ సంవత్సరం జూన్ రెండవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు ఐదు నిమిషాల ముందు మా సంస్థ హాజరు పట్టీలో శిక్షణార్థిగా తొలి సంతకం చేసిన సహోద్యోగిని, ఈ నెలాఖరున మార్పుల తనిఖీ విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆ తొలి సంతకం చేసిన రోజున వారి వేళ్ల కొసల మీద సూది గుచ్చుకున్న మచ్చలు ఇంకా స్పష్టంగా ఉండేవి. అంతకు ముందు ఇరవై ఏళ్లు వారు బట్టలు కుట్టారు. "టైలరమ్మ అనే పిలవండి, ఆ పేరుకైతే వెంటనే పలుకుతాను" అని మొదటి రోజే చెప్పారు. అందరం అలాగే పిలిచాం, పిలుస్తున్నాం.

వారు మా కార్యాలయంలోకి మొదట అడుగుపెట్టింది ఉద్యోగం కోసం కాదు, కిటికీ తెరలకు కొలతలు తీసుకోవడానికి. మెడలో టేపు వేసుకుని మెట్లెక్కుతూ గోడ మీది ప్రకటన చూశారు. డిగ్రీ అవసరం లేదనీ, తొమ్మిది నెలలు నేర్పి ఆపై ఆరు నెలలు పరిశీలించి కంప్యూటర్ విభాగంలో ఉద్యోగమిస్తామనీ అందులో ఉంది. తయారు దుస్తుల దుకాణాలు పెరిగి, తమ కొట్టుకు వచ్చేవారు పలచబడుతున్న రోజులవి. తెరలు కుట్టి ఇచ్చిన రోజునే దరఖాస్తు కూడా ఇచ్చి వెళ్లారు. విద్యార్హత అన్న గడిలో పదవ తరగతి అని రాసి, కింద ఇంకేదో రాయబోయి ఆగినట్టు ఒక చుక్క పెట్టారు.

అభ్యర్థులను ఎంపిక చేసే ముగ్గురు సభ్యుల్లో నేనొకడిని. కావాలని ఆరు తప్పులు పెట్టిన ఒక పని పత్రాన్ని నేనే తయారు చేసి అభ్యర్థులకు ఇచ్చాను. పెద్ద పెద్ద పట్టాలున్నవారు నాలుగో ఐదో పట్టుకున్నారు. టైలరమ్మ గారు ఏడు పట్టుకున్నారు. ఏడవది నేను తెలియక చేసిన తప్పు! మిగతా ఇద్దరు సభ్యులూ నా వంక చూసి నవ్విన నవ్వు ఇంకా మరచిపోలేదు. అయినా సరే, డిగ్రీ లేదన్న ఒక్క కారణంతో వారి పేరు ఎదుట నేను అడ్డగీతే పెట్టాను. ఇద్దరి మాట ముందు నా ఒక్కడి మాట నెగ్గలేదు, మా సంస్థ అదృష్టం.

ఇంట్లో సంగతి వారే తర్వాత నవ్వుతూ చెప్పారు. "ముప్పై ఆరేళ్లొచ్చాక పలకా బలపం ఏమిటే తల్లీ? చేతిలో ఉన్న పని వదులుకుని!" అని అత్తగారు ముక్కు మీద వేలేసుకున్నారట. బస్సు నడిపే భర్త మాత్రం, "నువ్వు చదువుకో, వంట నేను చూసుకుంటా. ఉప్పు గురించి మాత్రం అడక్కు" అన్నారట. కొట్టు ఖాళీ చేశారు. కుట్టు మిషనును ఆడపడుచుకు ఇచ్చేశారు. ఈ ఉద్యోగం నిలవకపోతే తిరిగి వెళ్లడానికి అక్కడేమీ మిగలలేదన్నమాట.

కుట్టుపనిలో టాకా అని ఒకటుంటుంది. అసలు కుట్టు వేసే ముందు, బట్ట ఒంటికి సరిపోతుందో లేదో చూడటానికి వేసే పొడుగాటి తాత్కాలికపు కుట్టు. శిక్షణలో ఉన్నప్పుడే వారు ఏ మార్పునైనా ముందు ఒక నకలు మీద చేసి చూసేవారు. "టాకా వేశానండి, సరిపోయింది" అనేవారు. మొదట నవ్వాం. ఏడాది తిరిగేసరికి పై అధికారి సైతం సమావేశంలో "దీనికి టాకా వేశారా?" అని గంభీరంగా అడగడం మొదలుపెట్టారు.

ఇక ఒక సంఘటన చెప్పాలి. అభినందన వ్యాసంలో ఇలాంటిది రాయవచ్చునా అని వారం రోజులు తటపటాయించాను.

2004 జూన్ ఆఖరు వారం. వారి పరిశీలన కాలం ముగియడానికి రెండు నెలలుంది. ఆసుపత్రులలో రోగులకు వరుస చీటీలు ఇచ్చే మా ప్రోగ్రామును శుభ్రం చేసే పని వారికి అప్పగించాం. అందులో ఎవరూ వాడుతున్నట్టు కనిపించని పదకొండు వరుసల ఆదేశాలు వారి కంటబడ్డాయి. కుట్టు చివర దారం వేలాడితే కత్తిరించనిదే చెయ్యి ఊరుకోదు కదా! తీసేశారు. నకలు మీద రెండు రోజులు టాకా వేసి చూశారు, చీటీలు చక్కగా వచ్చాయి. ఆ పదకొండు వరుసలకు నెలలో ఒక్కరోజే, ఒకటవ తేదీనే, పని ఉంటుంది. కొత్త నెల లెక్కను తెరిచేవి అవే. జులై ఒకటిన ఏ ఆసుపత్రిలోనూ చీటీ రాలేదు. ఒళ్లు బాగాలేనివాళ్లు, చంటిపిల్లల తల్లులు, మధ్యాహ్నం దాకా వరుసల్లో నిలబడ్డారు.

సమావేశంలో అధికారి "ఎవరి పని ఇది?" అని అడిగారు. పదిహేను మందిమి బల్ల వంక చూస్తున్నాం. టైలరమ్మ గారు లేచి నిలబడ్డారు.

"నేనే తీశానండి. దారం వేలాడుతోందని కత్తిరించాను. లోపల ఏ కుట్టును పట్టుకుని ఉందో లాగి చూడలేదు."

"ఎవరినీ అడక్కుండానే తీశారా?"

"తీసింది నా చెయ్యేనండి" అన్నారు.

ఇప్పుడు రాయవలసిన వాక్యం ఇది. వారు అడిగారు. నన్నే అడిగారు. ఆ మార్పు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వస్తే, నేను టీ తాగుతూ, తలెత్తకుండా, "బాగుంది, పెట్టేయండమ్మా" అన్నాను. ఒక్క వరుస చదవలేదు. చదివి ఉంటే ఒకటవ తేదీ సంగతి నాకు తెలిసేది, ఆ ప్రోగ్రాము మొదట రాసిన నలుగురిలో నేనూ ఉన్నాను. ఆ రోజు సమావేశంలో నా నోరు పెగల్లేదు. "డిగ్రీ లేనివాళ్లను తీసుకుంటే ఇంతే మరి" అని పక్కనుంచి ఎవరో గొణిగితే, అదీ విని ఊరుకున్నాను.

ఉద్యోగం పోలేదు, అంతవరకూ నయం. పరిశీలన కాలాన్ని ఏడాది పొడిగించారు. తోటివారికన్నా ప్రతి పదోన్నతీ వారికి ఏడాది ఆలస్యంగా వచ్చింది. "అనుమతి లేకుండా మార్పు చేశారు" అన్న వాక్యం వారి ఫైలులోకి ఎక్కి ఈనాటికీ అక్కడే ఉంది. ఆ వాక్యం అబద్ధం. అనుమతి ఉంది. ఇచ్చినవాడిని నేను. దాన్ని సవరించమని సంతకం చేసిన లేఖను ఈ వ్యాసంతో పాటే కార్యాలయానికి అందజేశాను. ఇరవై ఒక్క సంవత్సరాలు ఆలస్యమైంది, సిగ్గుగా ఉంది.

వారు ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆ సమావేశం జరిగిన మరుసటి వారమే ఒక పుస్తకానికి చేత్తో గీతలు గీసి, "చూసినవారి సంతకం" అని ఒక గడి పెట్టి, ప్రతి మార్పునూ నా దగ్గరకే తెచ్చారు. కాగితం ముందు పెట్టి, వేలు ఒక్కో వరుస మీద జరుపుతూ పక్కన నిలబడేవారు. "చదివాను" అంటే, "ఇంకోసారి చదవండి సార్, నాకేం తొందర లేదు" అనేవారు. అది శిక్షో, గౌరవమో నాకు ఇప్పటికీ తెలియదు. కాగితాలు చదవడం మాత్రం ఆ వేలి వెంటే నేర్చుకున్నాను. నాకు రెండు పట్టాలున్నాయి, ఆ విద్య వాటిలో లేదు.

ఆ పుస్తకమే పెరిగి తనిఖీ విభాగమైంది. డిగ్రీ లేనివారి శిక్షణను ఆపేద్దామన్న ప్రతిపాదన రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వారు తమ ఫైలునే బల్ల మీద పెట్టి, "నా తప్పు ఇదీ, ఆ తర్వాత నా పని ఇదీ, చూసి చెప్పండి" అన్నారు. శిక్షణ ఆగలేదు. వారి చేతి కింద నేర్చుకున్న ఒకప్పటి వడ్రంగులు, వంటవారు, డ్రైవర్లు నేడు మా మూడు అంతస్తుల్లోనూ ఉన్నారు. వారి కుమార్తె కూడా అదే గదిలో, తల్లి దగ్గర ఏ మినహాయింపూ లేకుండా, నేర్చుకుంది.

వారు పెట్టిన నియమం ప్రకారం, ఇంకొకరు చూడకుండా ఏదీ బయటకు వెళ్లకూడదు. కనుక నిన్న ఈ వ్యాసాన్ని వారికే ఇచ్చాను. వేలు వరుసల మీద జరిగి జరిగి, ఆ సమావేశం దగ్గర ఆగింది.

"ఇది తీసేయండి సార్. ఇన్నాళ్ల తర్వాత ఎందుకు? దారంలాగ వేలాడుతోంది."

"లాగి చూడకుండా కత్తిరించకూడదని మీరే కదమ్మా చెప్పింది!"

వారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ భాగాన్ని మొదటినుంచి చదివారు. వారు నా పేరు చెప్పకపోవడం గురించి "మహోన్నతమైన ఔదార్యం" అని నేను రాసిన చోట పెన్సిలుతో అడ్డంగా గీశారు.

"ఔదార్యం కాదండీ, భయం. మీ పేరు చెబితే నన్నెవరు నమ్ముతారు అనిపించింది. రాస్తే అదీ రాయండి."

రాశాను. అప్పుడు కాగితం అంచున "చూశాను" అని సంతకం పెట్టారు.

ఆడపడుచు ఇంటినుంచి పాత మిషను తిరిగి వచ్చిందని, నూనె వేసి సిద్ధంగా ఉంచారని భర్త గారు చెప్పారు. వంట మాత్రం తన చేతుల్లోనే ఉంటుందట, ఉప్పు షరతు కూడా అలాగే ఉందట. మా టైలరమ్మ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, సూదిలో దారం ఎక్కించే చూపు చెదరకుండా, తనవారి మధ్య నిండు నూరేళ్లు సుఖంగా ఉండాలని అందరి తరఫునా కోరుకుంటున్నాను. నా పక్కన వారు నిలబడినట్టే, కాలం కూడా వారి పక్కన "నాకేం తొందర లేదు" అంటూ చాలా ఏళ్లు నిలబడాలి.