శబ్దం వద్దన్న ఎడిటర్

పసివాడిని జోకొట్టి కోడలు ముందుగదిలోకి వచ్చేసరికి, చూపు మందగించిన ఆడపడుచు కంప్యూటర్‌ని తడుముతోంది. అందులో టైపు చేసుకునే ఎడిటర్ ప్రోగ్రాంని నిన్న సోర్సు కోడ్ నుంచి కంపైల్ చేసి, అంటే నడిచేలా తయారుచేసి పెట్టింది కోడలే.

"తప్పు మీట నొక్కినా ఇది మోగడం లేదేంటే?"

"స్పీకర్ పాడైందేమో వదినా."

"ఇప్పుడే పాట విన్నా. మూగబోయింది ఎడిటరే. కంపైల్ చేసే ముందు ఏవి కావాలో, ఏవి వద్దో మనమే చెప్పాలిగా. శబ్దం దగ్గర ఏం పెట్టావు?"

"ఏమో వదినా, సరిగ్గా గుర్తు లేదు."

"నీళ్లు నమలకు."

"వద్దని పెట్టాను. బాబు ఉలిక్కిపడి లేస్తాడని."

"నన్నొక మాట అడగొచ్చుగా!"

"ఎనిమిదితో బడి మానేసినదానికి ఇవన్నీ ఎందుకంటారేమోనని అడగలేదు. అన్నీ తెలిసినట్టే కూర్చున్నా."

"ఆ మోత లేక పొద్దున తప్పులతోనే టైపు చేసి పంపేశా. నాకు టైపు పని ఇచ్చే ఆఫీసులో ఒకటే నవ్వులట. ఇంకోసారి ఇలా అయితే పని ఇవ్వరట."

"మీ కళ్ల సంగతి వాళ్లకి చెప్పలేదా?"

"ఏ మొహంతో చెప్పను? నేనూ అన్నీ కనపడుతున్నట్టే కూర్చున్నా."

ఆడపడుచు కీబోర్డుని కోడలి వైపు జరిపింది.

"సరే, కుర్చీ లాక్కో. మళ్లీ కంపైల్ చేద్దాం. ఆప్షన్లు ఒక్కోటీ పైకి చదువు. తెలియనిది తెలియదను, నిన్నెవరూ కొరుక్కు తినరు."

కోడలు ఈసారి శబ్దం దగ్గర 'కావాలి' అని పెట్టింది. తరువాతి ఆప్షన్‌ని పైకి చదివి, దాని మీద వేలు పెట్టి ఆగింది. చెవులు వేడెక్కాయి.

"ఇదేంటో నాకు తెలియదు వదినా."