కండక్టరు అత్తగారు

కోడలి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేస్తోంది అత్తగారు. మొన్న కోడలు కండక్టరుగా ఉన్న సిటీ బస్సులో ఎవడో బాంబు పెట్టాడు. బస్సు కాలిపోయింది గానీ మనుషులంతా దక్కారు. ఇవాళ మళ్ళీ డ్యూటీ.

“నేను వెళ్లలేనత్తయ్యా. చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో. ఇంత పిరికిదాన్నని నాకే తెలీదు.”

“మొన్న వణకలేదా?”

“ఎందుకు వణకలేదు? ‘ఈ సంచి ఎవరిది’ అని ఎన్నిసార్లు అడిగినా ఎవరూ పలకలేదు. అందరినీ దింపేసి చూస్తే, కాలు బాగాలేని పెద్దాయన సీట్లోనే ఉన్నాడు. వణుకుతూనే మళ్ళీ ఎక్కి దింపాను.”

“మరి ఇందులో పిరికితనం ఎక్కడుందే?”

“ఆ బాంబు పెట్టినవాడు చూడండి, పట్టుబడ్డా బెదరలేదట. తనవాళ్లకి జరిగిన అన్యాయానికి పగ తీర్చుకున్నానన్నాడట.”

“అన్యాయం జరిగే ఉండొచ్చు. చేసినవాళ్ల గడప తొక్కే దమ్ము లేక, ఎవరో చంటిపిల్ల తల్లి కూర్చున్న సీటు కింద సంచి పెట్టాడు. టికెట్ తీసుకునేటప్పుడు నీ మొహం చూశాడా?”

“లేదు. తలే ఎత్తలేదు.”

“చూస్తే పెట్టలేకపోయేవాడు. పిరికితనమంటే అదీ.”

కోడలు చొక్కా తొడుక్కుంది. గుండీలు పడకపోతే అత్తగారే పెట్టి, తనూ చెప్పులేసుకుంది.

“మీరెక్కడికి?”

“నీ బస్సుకే. చివరి స్టాపుకి టికెట్ కొట్టు.”

“ఖాకీ కోడలంటే నామోషీ అని ఇన్నేళ్లూ నా బస్సెక్కలేదుగా మీరు?”

“ఆ నామోషీ మొన్న నీ బస్సుతోపాటే తగలబడిందిలే. ముందు సీటు నాది. ఎక్కిన ప్రతివాళ్లకీ కండక్టరు మా కోడలని చెప్పుకోవాలి నేను.”