భయపడొద్దన్న కార్డు

కొత్త సంవత్సరం పొద్దున కోయంబత్తూరులో చర్చి వెనకింటి మెట్ల మీద పాస్టరమ్మ చింతపండు గింజలు తీస్తోంది. కూతురి కాన్పు దగ్గరపడిన ఒక తల్లి, రాత్రి ఆరాధనలో ఈ ఏడాదికని పళ్ళెంలోంచి తాను తీసిన, బైబిలు మాట రాసున్న వాగ్దానపు కార్డు పట్టుకుని వచ్చింది.

"ఇది మార్చి వేరేది ఇయ్యండి పాస్టరమ్మా."

"చీరనా, మార్చేదానికి? ఏమి రాసుండాది?"

"భయపడొద్దు, నేను తోడుంటానని."

"ఎంత మంచి మాట!"

"తోడుండేది మంచిదే. ముందర భయపడొద్దని ఆజ్ఞ ఉండాదే! అది నాకు చేతకాదు. నేను మాట వినకుంటే వాగ్దానం తప్పిపోయి, బిడ్డ కాన్పుకి ఏమన్నా అయితే? ఎదురింటామె వాసుకి తీసిన కార్డులో ఊరికే దీవిస్తానని ఉండాది. ఆమెకి ఏ పనీ చెప్పలేదు."

"మీ ఇంటాయన చూడు, ఎంత ధైర్యంగా ఉంటాడో."

"ఆయన దేనికీ భయపడడు. అదే నాకు ఇంకా భయం."

"సరి, మీ వీధి కుక్కల్ని దాటి ఒంటిగా ఎట్ల వచ్చినావు?"

"వణుక్కుంటానే వచ్చినా. బిడ్డ కోసరం."

"వణుకుతా కూడా నడిచినావు కదమ్మా. మాట వినేదంటే అదే. దేవుడికి అది చాలు."

తల్లి కార్డును కొంగున ముడివేసుకుంది. లేచి, మళ్ళీ కూర్చుంది.

"తిరిగి పొయ్యేదానికి మీరు తోడు రాండి."

"కార్డులో ఎవరు తోడుంటారని ఉండాది?"

"దేవుడు వస్తాడు, నాకు నమ్మకమే. కుక్కలకి కనపడడు కదా!"